జలంధర్ విచారణ

జలంధర్‌ని ఏసీ బాగుచేయమని పిలిస్తే, వచ్చినవాడు ఏసీ వైపు కన్నెత్తి చూడడు. మనుషుల్ని చూస్తాడు. ఇంట్లో ఉన్నవాళ్లందర్నీ ఒక్కొక్కరుగా కూర్చోబెట్టి ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఏసీ ఆగిపోయినప్పుడు ఎవరి మీద కోపంగా ఉన్నారు అని అడిగి, అందరి వాంగ్మూలాలూ పూర్తయ్యాక గాని పనిముట్ల సంచి జిప్పు తీయడు. ఇంటివాళ్లు చెమటలో నానుతున్నా సరే, అతని పద్ధతి అతనిదే. దోహాలోని తెలుగువాళ్లు అందుకే అతనికి ఎస్సై అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే జలంధర్‌కి కోపం రాదు సరికదా, మీసం సవరించుకుంటాడు.

మనిషి ఐదడుగుల రెండంగుళాలు. మీసం మాత్రం ఆరడుగుల మనిషికి సరిపడేది. ఊరు కోరుట్ల పక్కన. ఖతర్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. వాళ్లమ్మ రాములవ్వ మాత్రం కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని ఇప్పటికీ ఊరంతా చెబుతుంది, సరిదిద్దడం అతను ఎప్పుడో మానేశాడు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో, అల్ ముంతజాలో అతని కంపెనీ చూసే పాత బిల్డింగులన్నీ అతని స్టేషన్ పరిధి కింద లెక్క. తలుపు తీయగానే "ఒక్కటే ముచ్చట అడుగుత సారూ" అంటాడు. ఆ ముచ్చట ఒక్కదానితో ఆగిన దాఖలా లేదు. పద్నాలుగు దాకా లెక్కపెట్టినవాళ్లున్నారు.

అల్ దోహా అల్ జదీదాలో హమీదుద్దీన్ అనే హైదరాబాదీకి చిన్న టీ హోటలుంది. ఆ మధ్య అక్కడి ఫ్రీజర్ రోజూ మధ్యాహ్నం ఆగిపోవడం మొదలైంది. పాలు విరిగిపోతున్నాయని ఆయన లబలబలాడుతుంటే, జలంధర్ వెళ్లి ఫ్రీజర్‌కి వీపు ఆనించి కూర్చుని, సమోసాలు చుట్టే అహ్మద్ అలీని పిలిచాడు.

"ఒక్కటే ముచ్చట భాయ్. నీకు పెండ్లయి ఎన్ని నెలలైంది?"

హమీదుద్దీన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఖరాబైంది ఫ్రీజర్ మియా, పెళ్లికొడుకు కాదు!"

జలంధర్ వినిపించుకోలేదు. ముప్పావు గంట విచారణ జరిపి చివరికి తీర్పు చెప్పాడు: వెనక కిటికీలోంచి పావురం వచ్చి ప్లగ్గు మీద వాలుతోందట. ఆ హోటల్లో పావురాన్ని చూసినవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. పోతూపోతూ సమోసాల బల్ల పక్కన, ఎవరూ అడక్కుండానే, ఫోను ఛార్జింగుకి పనికొచ్చే ప్లగ్ పాయింటు ఒకటి కొత్తగా బిగించి పోయాడు. ఆ రోజు నుంచి ఫ్రీజర్ ఆగలేదు.

ముంతజాలో నలుగురు బ్రహ్మచారులుండే గదిలో గీజర్ ఆగిపోతుంటే, నలుగురినీ విడివిడిగా బాల్కనీలోకి తీసుకెళ్లి విచారించి, "సముద్రం ఉప్పు" అన్నాడు. మూడో అంతస్తు దాకా సముద్రం ఎలా వచ్చిందయ్యా అంటే, "గాలి తోలుకచ్చింది" అన్నాడు. అతని కేసుల్లో నేరస్తులెప్పుడూ ఇంతే. పావురం, ఉప్పు, దుమ్ము. మనుషుల్ని అంతంతసేపు విచారించి ఒక్క మనిషినీ పట్టుకోని ఎస్సై ఎక్కడైనా ఉంటాడా అని జనం నవ్వుకునేవాళ్లు.

ఆ జలంధర్ చేతికి ఈ ఆగస్టులో చిక్కినవాడు సుధాకరరావు.

సుధాకరరావు చల్లదనం ఇంజనీరు. పెద్ద పెద్ద మాల్స్‌కీ, ఆసుపత్రులకీ ఎన్ని టన్నుల చల్లదనం కావాలో, ఏ గొట్టంలోంచి ఎంత గాలి పోవాలో కంప్యూటర్ మీద గీసి ఇవ్వడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. బయట నలభై ఏడు డిగ్రీల ఎండలో మాడి వచ్చిన జనం, లోపల అడుగుపెట్టి రెండు నిమిషాల్లో చేతులు కట్టుకుంటున్నారంటే అది ఆయన చలవే. అలాంటి మనిషి సొంత ఇంట్లో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మూడో అంతస్తు ఫ్లాట్లో, పడకగది ఏసీ రోజుకి రెండుసార్లు ఆగిపోతోంది. అదీ అత్తగారి గదిలో.

అత్తగారు భ్రమరాంబగారు మూడు వారాల కిందటే పిఠాపురం నుంచి వచ్చారు. కూతురు అరుంధతి నాలుగేళ్ల విరామం తర్వాత మళ్లీ ల్యాబులో ఉద్యోగానికి చేరింది. నాలుగేళ్ల మనవరాలు అమ్ముని చూసుకోవడానికి మూడు నెలలు ఉంటానని పెద్దావిడ సంబరంగా విమానమెక్కారు. పాత కాలపు మర్యాద మనిషి. అల్లుడు హాల్లో ఉంటే ఆవిడ కుర్చీలో కూర్చోరు. ఆయనతో నేరుగా మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే వంటింటి తలుపు చాటున నిలబడి, "అమ్మాయ్, అల్లుడుగారు మజ్జిగ పోసుకుంటారేమో కనుక్కో" అంటారు. మజ్జిగ పోసుకునే అల్లుడు ఆ తలుపుకి మూడడుగుల దూరంలోనే ఉంటాడు.

ఇంత మర్యాదగల అత్తగారికి తిరుగు మర్యాద చేయాలని సుధాకరరావు ఉబలాటపడ్డాడు. ఒకరు పట్టుచీర పెడతారు, ఒకరు పళ్లు తెస్తారు. ఆయనకి తెలిసిన మర్యాద చల్లదనం. ఇంట్లో మంచి గది ఆవిడకిచ్చి, ఏసీ పద్దెనిమిది మీద పెట్టి, గాలి నేరుగా మంచం మీద పడేలా రెక్కలు వంచి, తృప్తిగా తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

నాలుగో రోజు ఏసీ ఆగిపోయింది. సుధాకరరావు వంటింటి నడవలో ఉన్న కరెంటు పెట్టె తెరిచి చూస్తే, ఆ గది బ్రేకర్ మీట కిందికి పడిపోయి ఉంది. "ట్రిప్ అయింది" అని పైకి లేపి, పోయిన చల్లదనాన్ని పూడ్చడానికి పదిహేడు మీద పెట్టాడు. మర్నాడు మళ్లీ పడింది. పదహారు మీద పెట్టాడు. యంత్రం అంతకన్నా కిందికి దిగదు కాబట్టి అక్కడ ఆగాడు గాని, దిగితే పదికైనా దించేవాడే.

ఆ తర్వాత ఆయన చేయని ప్రయత్నం లేదు. బ్రేకర్ మార్పించాడు, కొత్త బ్రేకరూ పడింది. కెపాసిటర్ మార్పించాడు. గ్యాస్ చూపించాడు. చివరికి ఏసీనే మార్చేసి సరికొత్తది పెట్టించాడు. అది బిగించిన మూడు గంటలకే ఆగిపోయింది. ఈలోగా బ్రేకర్ మీద పసుప్పచ్చటి మరక ఒకటి కనిపించింది. లోపల ఇన్సులేషన్ కరిగి కారుతోందని ఆయన అనుమానం. దాన్ని నాలుగు కోణాల్లో ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెడితే, ఐదుగురు ఇంజనీర్లు ఏడు అభిప్రాయాలు చెప్పారు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. భ్రమరాంబగారు ఇంటికి పోతానన్నారు.

"ఏం లేదే, కొబ్బరి దింపు ఉంది. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. నన్ను పంపించెయ్యండి" అన్నారట కూతురితో. కొబ్బరి దింపు నెలా నెలా ఉండేదే. అరుంధతి రెండ్రోజులు బతిమాలింది, అమ్ము ఒకరోజు అన్నం మానేసింది, అయినా పెద్దావిడ పట్టు వదల్లేదు. శనివారానికి టికెట్టు తీయాల్సి వచ్చింది. ఆ రోజు అరుంధతి కళ్లనీళ్లు పెట్టుకుని మొగుడి మీద విరుచుకుపడింది.

"ఊళ్లకి ఊళ్లు చల్లబరుస్తారు! మా అమ్మ ఒక్కతిని చల్లబరచలేకపోయారు! ఉక్కకి తట్టుకోలేకే వెళ్లిపోతోంది. పైకి చెప్పలేక కొబ్బరికాయలంటోంది."

సుధాకరరావుకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇరవై రెండేళ్ల అనుభవం పక్కనపెట్టి, బిల్డింగు నిర్వహణ ఆఫీసుకి ఫోన్ చేసి, గురువారం పొద్దున సెలవు పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లు జలంధర్‌ని పంపారు.

తలుపు తీయగానే నమస్కారం పెట్టి, బూట్లు విప్పి, ఏసీ గదివైపు దారి చూపిస్తున్న సుధాకరరావుని అక్కడే సోఫాలో కూర్చోబెట్టి, తను ఎదురుగా స్టూలు లాక్కున్నాడు జలంధర్.

"ఒక్కటే ముచ్చట అడుగుత సారూ. మిషన్ ఎప్పుడెప్పుడు బందైతాంది?"

"పగలు రెండున్నరకి, తెల్లవారుజామున నాలుగింటికి. రన్నింగ్ కరెంటు చూశాను, మామూలుగానే ఉంది. ఎర్త్ లీకేజీ కూడా..."

"గవన్నీ తర్వాత. మీరు ఇంట్ల లేనప్పుడు బందైతదా?"

"అవుతుంది."

"ఉన్నప్పుడు?"

"నేను నిద్రపోతున్నప్పుడు అవుతుంది."

"మీరు మెలకువగ ఉండంగ ఎన్నడన్న అయిందా?"

సుధాకరరావు ఆలోచించాడు. కాలేదు. "అదేదో కాకతాళీయం" అన్నాడు.

"మీకు గురక అస్తదా సారూ?"

"ఏసీకీ గురకకీ ఏమిటయ్యా సంబంధం?"

"వస్తుంది!" అంది అరుంధతి లోపల్నుంచి. "వీధి చివరిదాకా వినిపిస్తుంది!"

జలంధర్ కళ్లు మూసుకుని తల ఊపాడు. తర్వాత సాక్షి అరుంధతి. ఆమెకి ల్యాబులో మధ్యాహ్నం డ్యూటీ, తల దువ్వుకుంటూనే జవాబులు చెప్పింది.

"ఒక్కటే ముచ్చట మేడం. పెద్దమ్మ పొద్దుగాల లేవంగనే ఏం చేస్తది?"

"మోకాళ్లకి నూనె రాసుకుంటుంది. ఇక్కడికొచ్చాక నొప్పులు ఎక్కువయ్యాయి పాపం, ఏసీ లేక నిద్ర చాలక."

"ఉక్కకు మోకాళ్లు నొస్తయా మేడం?"

"ఏమో, నాకేం తెలుసు? అవన్నీ నీకెందుకు?"

"ఆఖరి ముచ్చట. మీకు పానం మంచిగ లేనప్పుడు సారుకు చెప్తరా, ఊకుంటరా?"

"ఎందుకు చెప్పను? ఆయనకి నిద్రలో కూడా చెప్తాను" అంది అరుంధతి. సుధాకరరావు అవునన్నట్టు నిట్టూర్చాడు.

మూడో సాక్షి అమ్ము. గోడకి క్రేయాన్లతో ఒంటెల్ని వేస్తోంది. జలంధర్ నేలమీద బాసింపట్టు వేసి కూర్చుని, పెద్దవాళ్లని అడిగినంత గౌరవంగానే అడిగాడు.

"ఒక్కటే ముచ్చట బిడ్డా. ఆ గోడకున్న పెట్టె దగ్గరికి ఎవలెవలు పోతరు?"

"డాడీ. ఇంకా అమ్మమ్మ."

"అమ్మమ్మ ఏం చేస్తది?"

"చల్లమిషన్ బజ్జోవాలి కదా. అమ్మమ్మ గుత్తితో జోకొడుతుంది."

సుధాకరరావు పకపకా నవ్వాడు. "దీనికి కథల పిచ్చి. నిన్న ఫ్రిజ్‌లో పులి ఉందంది" అన్నాడు. జలంధర్ నవ్వలేదు. లేచి కరెంటు పెట్టె దగ్గరికి నడిచాడు. ఆ పెట్టెలో బ్రేకర్లు వాటంతట అవి పడితే పిడి సగంలో ఆగుతుంది. మనిషి దించితేనే పూర్తిగా కిందికి దిగుతుంది. బ్రేకర్లు పట్టుకుని పని చేసేవాళ్లందరికీ అది తెలుసు, కంప్యూటర్ మీద గీసేవాళ్లకే తెలియదు. తెల్లవారుజామున పడిన బ్రేకర్‌ని సుధాకరరావు జలంధర్ కోసమే అలా వదిలేశాడు. దాని పిడి పూర్తిగా కిందికి దిగి ఉంది.

"ఆ మరక చూడు, ఇన్సులేషన్ కరిగిన గుర్తు. ముట్టుకోకు" అన్నాడు సుధాకరరావు వెనక నుంచి.

జలంధర్ ఆ పసుప్పచ్చటి మరక దగ్గరికి ముక్కు పెట్టాడు. రెండుసార్లు వాసన చూశాడు. భుజం మీది గుడ్డ తీసి శుభ్రంగా తుడిచేశాడు.

"అరే, సాక్ష్యం తుడిచేస్తావేంటయ్యా! ఐదుగురు ఇంజనీర్లు దాని మీదే పని చేస్తున్నారు!"

"దుమ్ము సారూ" అన్నాడు జలంధర్. "జర ఈడనే కూసోన్రి. పెద్దమ్మను ఒక్కటే ముచ్చట అడిగత్త."

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. సుధాకరరావుకి ఒళ్లు మండింది. ఏసీ చూడమని పిలిస్తే ఇంటి గుట్టంతా తవ్వుతున్నాడు, ఇంతవరకూ స్క్రూడ్రైవర్ బయటికి రాలేదు, ఎల్లుండి అత్తగారు విమానమెక్కేస్తారు. నాలుగు మాటలు అడిగేద్దామని విసురుగా లేచి వంటింటి తలుపు దాకా వెళ్లాడు. లోపలి మాటలు వినపడేసరికి చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

"పప్పుగుత్తి కట్టెదే, షాక్ కొట్టదు పెద్దమ్మా, గా తెలివి మంచిదే. గని పప్పు ఎనిపినంక మంచిగ కడిగి తుడిచి ముట్టియ్యాలె. తడి ఉంటె పానం మీదికస్తది."

తర్వాత భ్రమరాంబగారి గొంతు వినపడింది.

"చలి నాయనా. ఎముకలు కొరికేసే చలి. రెండు దుప్పట్లు, పైన బొంత, కాళ్లకి అల్లుడుగారి పాత మేజోళ్లు. అయినా ఆగడం లేదు. ఓసారి ఆ రిమోటు ఏదో నొక్కితే అది ఇంకా బుసకొట్టింది. మళ్లీ దాని జోలికి పోలేదు. పగలు ఆయన ఆఫీసుకి పోయాక, తెల్లారగట్ల ఆయన గురక వినపడ్డాక, లేచి గుత్తితో ఆ మీట దించేదాన్ని."

"మరి అల్లునికి చెప్పరాదు?"

"ఏమని చెప్పను? ఆయన దేశాల్ని చల్లబరిచే ఇంజనీరు. నా కోసం ఉన్న మిషన్ తీసి కొత్తది పెట్టించారు. ప్రేమగా వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టు కాదూ? అల్లుడింట్లో అత్తగారు నోరు తెరిచి ఇది వద్దు, అది కావాలి అంటుందా ఎక్కడైనా?"

"మేడంకన్న చెప్పరాదు?"

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. క్షణంలో ఆయన చెవిలో వేస్తుంది. నేను దించినకొద్దీ ఆయన ఇంకా చల్లగా పెట్టేస్తున్నారు. పొద్దున్న లేస్తే మోకాళ్లు నిలవనియ్యడం లేదు నాయనా. ఇక్కడ మంచాన పడితే ఈ ఉద్యోగస్తులకి ఎంత కష్టం? అందుకే పోతానన్నాను. మూడు నెలలూ ఉందామనే వచ్చాను. నేను కథ చెబితే గాని అమ్ముకి ముద్ద దిగదు. పోవాలని నాకేం సరదా?"

గ్లాసులో నీళ్లు ఒంపిన చప్పుడైంది.

"ఇది అల్లుడుగారి దాకా పోనీయకు బాబూ. ఆయన మొహం చూడలేను."

"చెప్ప పెద్దమ్మా. గీ పద్దెనిమిదేండ్లల్ల ఏ ఇంట్ల ఎవలి పేరు చెప్పిన? ఎవలి చేతుల తప్పు జరిగిందో ఎరుకైతెనే కదా, దాన్ని ఇంకో దాని మీదికి తోసేది. గందుకే గంత అడుగుత."

సుధాకరరావు పిల్లిలా వెనక్కి నడిచి సోఫాలో కూర్చున్నాడు. పద్దెనిమిది, పదిహేడు, పదహారు. తను ఎంతో ప్రేమగా, వేలితో నొక్కి నొక్కి, ఆ పెద్దావిడని ఇంట్లోంచి తరిమేస్తున్నాడన్నమాట. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లోపలికెళ్లి క్షమించమందామా అనుకున్నాడు. అలా చేస్తే ఆవిడ మొహం చూపించలేక శనివారం దాకా కూడా ఆగరు. ఏం చేయాలో ఆ చల్లదనం ఇంజనీరుకి తోచలేదు.

ఈలోగా జలంధర్ ఆ ఫ్లాట్లో అడుగుపెట్టాక మొదటిసారి పనిముట్ల సంచి తెరిచాడు. అత్తగారి గదిలో ఏసీ మూత ఊడదీసి, కావాలని కొంత చప్పుడు చేసి, గాలి రెక్కలు పైకప్పు వైపు తిప్పి టేపు అంటించి, పది నిమిషాల్లో హాల్లోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. అరుంధతి బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది. వంటింటి తలుపు చాటున గాజుల చప్పుడు ఆగిపోయింది.

"దొరికింది సారూ. మిషన్‌కు చలి పెడ్తాంది."

"ఏంటి?" అంది అరుంధతి.

"మిషన్‌కు చలి మేడం. పడమటి గోడ ఉన్నది కదా, చలి పోయి దానికి తాకి తిరిగి మిషన్ మీదికే అస్తాంది. గది ఎంత చల్లగ పెడ్తె మిషన్‌కు అంత చలి. ఓర్సుకున్నంతసేపు ఓర్సుకుంటది, ఇగ చాతగాక బందైతది. కొత్త మిషన్ కదా, నాజూకుది."

ఏసీకి చలి వేయడం! అరుంధతి మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, అలా కూడా ఉంటుందా?"

గోడ మీద సుధాకరరావు డిగ్రీ పటం కట్టి ఉంది. దాని పక్కన, శీతలీకరణ రంగంలో విశేష కృషికిగాను కంపెనీ ఇచ్చిన జ్ఞాపిక ఉంది. ఆయన ఒకసారి వాటివైపు చూశాడు, ఒకసారి వంటింటి తలుపు వైపు చూశాడు. తలుపు కింద సందులోంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. వాటికి తన పాత మేజోళ్లు ఉన్నాయి.

"ఉంటుంది" అన్నాడు సుధాకరరావు. "అది చాలా... అది చాలా పాత సమస్యే. పడమటి గోడ గదుల్లో తరచుగా వస్తుంది. మా ఆఫీసులో దీనిమీద ఒక సమావేశం కూడా జరిగింది. ఇంతకాలం నాకెందుకు తట్టలేదో!"

జలంధర్ నోరు తెరుచుకుని ఆయన వైపు చూశాడు. అతను చూసిన అబద్ధాల్లో సమావేశం దాకా వెళ్లింది ఇదొక్కటే.

"మరి మందేమిటి జలంధర్?"

"ఇరువై ఏడుకు తక్కువ పెట్టొద్దు సారూ. గాలి మంచం మీద పడొద్దు. పగటిపూట, తెల్లారగట్ల మిషన్‌కు రెస్టియ్యాలె. ఇంట్ల పెద్దోళ్లు ముందుగాల లేస్తరు కదా, వాళ్లే బంద్ చేస్తె మిషన్ పానానికి మంచిది."

"అత్తయ్యగారికి రిమోట్ ఎలా వాడాలో చూపించు. ఆ మిషన్ బాధ్యత ఇక ఆవిడదే" అన్నాడు సుధాకరరావు, తలుపు అవతలికి వినపడేంత గట్టిగా. "ఆ గదిలోకి నేను అడుగుపెట్టను. నావల్లే పాడైనట్టుంది."

జలంధర్ రిమోట్ మీద ఆపే బటన్‌కి సంచిలోంచి తీసిన ఎర్ర స్టిక్కరు ఒకటి అంటించి, ఇది నొక్కితే పడుకుంటుంది పెద్దమ్మా, మళ్లీ నొక్కితే లేస్తుంది, ఇంకేదీ ముట్టుకోకు, అని రెండుసార్లు నొక్కించి చూశాడు. అరుంధతి డ్యూటీకి పరిగెత్తింది.

లిఫ్టు దాకా వెళ్లి దిగబెట్టడం సుధాకరరావుకి అలవాటు లేదు. ఆ రోజు వెళ్లాడు. అక్కడ కాసేపు తటపటాయించి, "జలంధర్, ఇందాక నేను వంటింటి బయట నిలబడ్డాను" అన్నాడు.

"ఎరుకే సారూ. మీ చెప్పులు తలుపు సందుల కనబడ్డయి."

"మరి తెలిసుండీ నా ముందు మిషన్‌కి చలి అని అంత ధైర్యంగా ఎలా చెప్పావు? నేను కాదంటే?"

"నేనొక్కన్నే చెప్తె పెద్దమ్మ నమ్మది సారూ. నాకంటె ఎక్కువ సదివినోళ్లు ఒప్పుకోవాలె. మీరు ఇంజినీరు కదా, గందుకే మీరు ఇనేదాక ముచ్చట సాగదీసిన." లిఫ్టు వచ్చింది. జలంధర్ సంచి భుజానికెత్తుకున్నాడు. "గని సమావేశం అన్నరు సూడున్రి, గది నాకు తట్టలే. మంచిగున్నది. వేరే ఇండ్లల్ల వాడుకుంట."

సుధాకరరావు లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డుపెట్టాడు. "ఒక్కటే ముచ్చట. హమీదుద్దీన్ హోటల్లో పావురం..."

"పావురమే సారూ" అన్నాడు జలంధర్ ముఖంలో ఏ భావమూ లేకుండా. "మస్తు బలిసిన పావురం."

సుధాకరరావు ఇంట్లోకి తిరిగి వచ్చేసరికి భ్రమరాంబగారు తలుపు చాటున లేరు. హాల్లో, కుర్చీ అంచు మీద, ఒళ్లో అమ్ముని పెట్టుకుని కూర్చున్నారు. అల్లుణ్ణి చూసి లేవబోయి, మోకాళ్లు మొరాయించడం వల్లనో, ధైర్యం రావడం వల్లనో, కూర్చునే ఉండిపోయారు.

"అల్లుడుగారూ" అన్నారు. పెళ్లయిన ఏడేళ్లలో ఆవిడ ఆయన్ని నేరుగా పిలవడం అదే మొదటిసారి. పిలిచాక ఆవిడే కంగారుపడి, కొంగు సవరించుకుని, కళ్లు మనవరాలి జుట్టు మీద పెట్టి మాట్లాడారు. "మిషన్‌కి నలత అంటున్నారు కదా. కనిపెట్టుకుని దాన్ని చూసేవాళ్లు ఒకరు ఉండాలేమో. పోనీ కొబ్బరి దింపు పక్కింటివాళ్లే చూస్తారులెండి. మరి శనివారానికి టికెట్టు కొనేశారని అమ్మాయి అంది..."

సుధాకరరావు జేబులోంచి ఫోను తీసి, వీపు వెనక్కి పెట్టుకుని, తడుముకుంటూ రద్దు బటన్ కోసం వెతికాడు.

"ఏ టికెట్టండీ?" అన్నాడు.